జైబున్నీసా కేక మరిచిన ఆట

మా జేజి జైబున్నీసా నెల్లూరి ఆడపిల్లల కాలేజీలో ఒక ఏడాది పీయూసీ చదివింది, రెండేళ్లు బాస్కెట్‌బాల్ ఆడింది. ఈ లెక్క ఎట్లా కుదిరిందని అడిగితే, పరీక్ష తప్పినవాళ్లకి రెండో ఏడు కూడా ఉంటుందని చెప్పేది. ఆడింది అన్న మాటలో కూడా కొంత తరుగు తీసెయ్యాలి. ఎక్కువ భాగం బెంచీ మీద కూర్చునే ఆడింది. గుంటూరు జట్టు మీద నాలుగు పాయింట్లు కొట్టానని మొదట్లో చెప్పేది. పెద్దకొడుకు పెళ్లినాటికి అవి ఆరయ్యాయి, మనవలు పుట్టాక పన్నెండయ్యాయి. ఇంకో పదేళ్లు బతికి ఉంటే గుంటూరు జిల్లా మొత్తం ఓడిపోయేది.

కాని మౌజా సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె ఎన్నడూ ఒక్క పాయింటు కూడా పెంచలేదు.

1979లో భర్త హయాత్ బాషా వెనకాల ఆమె దుబాయ్ వెళ్లింది. ఆయన కరామాలో ఒక టైలరు దుకాణంలో కటింగ్ మాస్టరు. ఇంట్లో కూర్చుంటే ఒళ్లొస్తోందని ఆమె పనిలో చేరింది. చేరాక కూడా ఒళ్లు వచ్చింది, అది వేరే సంగతి. ఒక ఆడపిల్లల కాలేజీలో ఆయా పని అది. బడి టీచర్లు కావడానికి అరబ్బుల ఆడపిల్లలు అక్కడ చదువుకునేవాళ్లు. చుట్టూ రెండు నిలువుల గోడ, ఒకటే గేటు. పిల్లలు గేటు దాటగానే పైన కప్పుకున్న నల్లటి అబాయాలు తీసి జైబున్నీసా చేతుల్లో పడేసేవాళ్లు. ఆమె వాటిని మడిచి పెట్టి, సాయంత్రం ఎవరిది వాళ్లకి వాసన చూసి ఇచ్చేది. ఒక్కో పిల్లది ఒక్కో అత్తరు.

ఊడవడం, చాయ్ కాయడం, అబాయాలు మడవడం కాక ఆమెకి ఇంకో పని ఉండేది. ఆ గోడల మధ్యకి మగవాడు రాకూడదు. కాని పంకాలు చెడిపోతాయి, కుళాయిలు కారతాయి, బల్బులు మాడిపోతాయి. వాటిని బాగుచేసేవాళ్లు మగవాళ్లే. అలాంటివాడు వచ్చినప్పుడు జైబున్నీసా ముందు నడుస్తూ, చప్పట్లు కొడుతూ, "రిజాల్! రిజాల్!" అని గొంతెత్తి అరవాలి. మగవాళ్లు వస్తున్నారని దానర్థం. ఆ కేక వినగానే పిల్లలు గదుల్లోకి తప్పుకుంటారు, లేదా అబాయా కప్పుకుంటారు. వెనక వచ్చే పనివాడు తల ఎత్తకూడదు. ఆయా మడమల మీదే చూపు పెట్టి, ఆమె ఎటు నడిస్తే అటు నడవాలి, ఆమె ఆగితే ఆగాలి.

ఎక్కువగా వచ్చేవాడు లచ్చన్న. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. కరెంటు పని, కుళాయి పని రెండూ చేసేవాడు, కంపెనీ క్యాంపులో ఉండేవాడు.

"మూడేండ్ల సంది నీ మడిమెలే జూస్తున్న అక్కా. నా పెండ్లాం మొకం మర్శిన గని, నీ కాళ్ల పగుళ్లు ఎన్నున్నయో ఇప్పుడంటె ఇప్పుడు చెప్త," అనేవాడు నేలచూపులు చూస్తూనే.

"నోరు మూసుకోని నడువు సచ్చినోడా. పగుళ్లకి మందు తెచ్చీమంటే తేవు, లెక్కలు మాత్రం బాగా చెప్తావు," అని, అదే ఊపిరిలో "రిజాల్!" అని అరిచేది జైబున్నీసా. ఆ కేకకి గోడ మీది పావురాలు లేచిపోయేవి.

మౌజా 1981లో చేరింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. మరీ పొడుగూ కాదు, బలమైన మనిషీ కాదు. కాలేజీ పక్కన, గేటు నుంచి కనపడే సిమెంటు కోర్టులో రోజూ సాయంత్రం పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు. నేర్పేది ఈజిప్టు నుంచి వచ్చిన సుహైర్ టీచరు. అక్కడ టీచర్లను అబ్లా అంటారు. జైబున్నీసా కోర్టు పక్కన స్టూలు మీద కూర్చుని అబాయాలకి కాపలా కాసేది.

మొదటి నెలలో ఆమె మౌజాని చూడనే లేదు. చూసింది లతీఫాని. లతీఫా అనే ఆ బొద్దుపిల్ల బంతి వస్తుంటే పాము వస్తున్నట్టు పక్కకి తప్పుకునే రకం. అలాంటిది వారానికి ఐదారు బంతులు బుట్టలో వేస్తోంది. ఇదేం విడ్డూరం అనుకుని జైబున్నీసా లతీఫా చేతుల్నే చూస్తూ కూర్చుంది. మూడో రోజుకి అర్థమైంది. లతీఫా ఏమీ నేర్చుకోలేదు. ఆమె కాళ్లు రెండూ సరిగ్గా నేల మీద కుదురుకుని, మొహం బుట్ట వైపు తిరిగిన క్షణానికి బంతి వచ్చి ఆమె చేతుల్లో ఉంటోంది. ఇక విసరక ఏం చేస్తుంది? ఆ బంతి పంపుతున్నది మౌజా.

అప్పటి నుంచి జైబున్నీసా అబాయాలని గాలికి వదిలేసింది. మౌజా బంతిని మనిషికి వెయ్యదు. మనిషి ఇంకో రెండడుగులు వేస్తే ఎక్కడుంటుందో అక్కడికి వేస్తుంది. ఎవరైనా గురి తప్పితే అందరూ బుట్ట వైపు తలలెత్తి చూస్తుంటారు. మౌజా అప్పటికే బంతి పడబోయే చోటికి, చుట్టాలింటికి పోయినట్టు నింపాదిగా నడిచి పోతూ ఉంటుంది. కుడిచెయ్యి ఎంతో ఎడమచెయ్యీ అంతే. తను ఒక బంతి తప్పిపోతే, ఆట అయిపోయాక అదే చోట నిలబడి, పగబట్టినట్టు అదే బంతిని అరగంట వేసేది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆమె కోర్టులో ఉంటే మిగతా నలుగురూ మంచి ఆటగత్తెలైపోయేవాళ్లు. ఆమె నీళ్లు తాగడానికి పక్కకి వస్తే మళ్లీ మామూలు పిల్లలైపోయేవాళ్లు.

"చెయ్యి నేర్పగలం, కాలు నేర్పగలం," అంది ఒకరోజు సుహైర్ అబ్లా, ఈల చేత్తో తిప్పుతూ. "ఈ చూపు మాత్రం ఎవరూ నేర్పలేరు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను జైబున్నీసా. నా చేతికి ఇట్లాంటిది ఇదొక్కటే వచ్చింది. ఇక రాదు కూడా."

ఆ రాత్రి అన్నాల దగ్గర జైబున్నీసా ఇదంతా హయాత్ బాషాకి చెప్పింది. ఆయన చేపముల్లు తీసుకుంటూ విన్నాడు.

"నువ్వూ ఆడినదానివే గదా. ఆ పిల్ల లక్షమందికి ఒకతి అయితే, నువ్వు ఎంతమందికి ఒకతివి?"

"నేనా? బెంచీకి ఒకతిని."

పన్నెండు పాయింట్ల మనిషి ఈ నిజం ఒప్పుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే.

హయాత్ బాషా నవ్వి, ముల్లు పళ్లెం అంచున పెట్టాడు. "మా ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు నెల్లూర్లో. మనిషి గడప దాటి లోపలికొచ్చేలోగా కొలత తెలిసిపోయేది ఆయనకి. టేపు పెట్టేది మనిషి తృప్తికే. నేను పాతికేళ్లుగా కత్తెర పడుతున్నా, నాకా చూపు రాలేదు. కష్టపడితే వచ్చేది కాదే జైబూ అది. ఉన్నోళ్లకి ఉంటది. మనం పక్కన నిలబడి చూడాల, అంతే."

పక్కన నిలబడి చూడటం జైబున్నీసాకి కాలేజీ రోజుల నుంచీ అలవాటే. అయితే ఇప్పుడు ఆమెకి దిగులు పట్టుకుంది. గోడల మధ్య పుట్టిన ఈ ఆట గోడల మధ్యే అయిపోతుందా అని. మగవాళ్లు చూడరు, ఫొటోలు తీయరు, పేపర్లో రాదు. చదువు అయిపోతే పిల్ల ఇంటికి పోతుంది. చూసినవాళ్లు ఎవరు? ఒక టీచరు, ఒక ఆయా, గోడ మీది పావురాలు.

సుహైర్ అబ్లా ఊరుకునే మనిషి కాదు. 1983 మార్చిలో కువైట్ నుంచి ఒక కాలేజీ ఆడపిల్లల జట్టుని ఆటకి పిలిపించింది. ఆ జట్టు టీచరు మౌజాని చూసి మెచ్చితే, వేసవిలో కువైట్ తీసుకుపోయి మూడు నెలలు అక్కడి మంచి ఆటగత్తెలతో ఆడిస్తుంది. మౌజా తండ్రిని కూడా అబ్లా ఒప్పించింది. ఆయన పడవల మీద సరుకు తెప్పించే వ్యాపారి, నెమ్మదైన మనిషి. "మేనత్తని తోడిచ్చి పంపుతాను. ఒక్కటే మాట. నా కూతురు ఆట పరాయి మగవాడి కంట పడకూడదు. పడిందా, అదే ఆఖరి ఆట," అన్నాడు.

"ఆ మాట నిలబెట్టేది నువ్వే," అంది అబ్లా జైబున్నీసాతో. జైబున్నీసా వారం రోజులు మిరియాల పాలు తాగి గొంతు సిద్ధం చేసుకుంది.

ఆట రోజున కోర్టు చుట్టూ కుర్చీలు వేశారు. తల్లులు, మేనత్తలు, అక్కచెల్లెళ్లు వచ్చారు. సగం ఆట అయ్యేసరికి కువైట్ వాళ్లు తొమ్మిది పాయింట్లు ముందున్నారు. వాళ్లు పొడుగు మనుషులు, బాగా నేర్చినవాళ్లు. రెండో సగంలో మౌజా మెల్లగా ఆటని తన చేతిలోకి తెచ్చుకుంది. లతీఫాకి రెండు, ఇంకో పిల్లకి మూడు, మళ్లీ లతీఫాకి ఒకటి. తేడా ఒక్క పాయింటుకి వచ్చింది. పొద్దు గుంకుతోంది. సరిగ్గా అప్పుడే కోర్టుకి అటువైపున్న పెద్ద దీపం ఆరిపోయింది.

ఎవరో కంపెనీకి ఫోను చేశారు. ఉన్న వెలుతురులోనే ఆట సాగింది. గేటు గంట మోగింది. జైబున్నీసా లేచి పోయి తలుపు తీసింది. భుజం మీద నిచ్చెనతో లచ్చన్న నిలబడి ఉన్నాడు.

"ఏందక్కా, లోపల బోనాల లెక్క గా లొల్లి ఏంది?"

"నీకెందుకు? తల దించుకో. నేను కేకేస్తా, ఆట ఆపుతారు, అప్పుడు రా."

లచ్చన్న అలవాటు ప్రకారం తల దించుకుని ఆమె మడమల మీద చూపు పెట్టాడు. జైబున్నీసా వెనక్కి తిరిగింది. చప్పట్లకి రెండు చేతులూ ఎత్తింది. నోరు తెరిచింది.

కోర్టు మధ్యలో బంతి మౌజా చేతికి వచ్చింది.

మౌజా ఎడమకి చూసి కుడికి కదిలింది. ఇద్దరు పొడుగుపిల్లలు అడ్డం వచ్చారు. వాళ్లిద్దరి మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంది, అదీ మూసుకుపోతోంది. జైబున్నీసా ఆ సందుని చూసింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో అడుగు వేసింది. తరవాత గబగబా నడుస్తూ కోర్టు గీత దగ్గరిదాకా పోయింది. ఆమె మడమలు నడిచాయి కాబట్టి, ఆమె ఎప్పుడో అరిచే ఉంటుందనుకుని లచ్చన్న వాటి వెనకే నిచ్చెన మోసుకుంటూ వచ్చేశాడు.

"మౌజా! మౌజా!" అని వందమంది ఆడవాళ్లు ఒక్కసారి అరిచారు. అంత కేక చెవిలో పడితే ఎవడైనా తల ఎత్తుతాడు. లచ్చన్న ఎత్తాడు.

మౌజా గాలిలో ఉంది. ఒక పెద్దావిడ మగమనిషిని చూసి కెవ్వుమంది. పిల్లలు కకావికలై అబాయాల కోసం పరుగెత్తారు. గాలిలో ఉన్న పిల్లకి ఇవేవీ తెలియలేదు. చెయ్యి చాచి బంతిని వదిలింది. అప్పటికే ఆమె పేరు కేకలు ఆగిపోయిన ఆ కోర్టులో బంతి వలలోంచి జారిన చప్పుడు, సిమెంటు మీద పడిన చప్పుడు స్పష్టంగా వినిపించాయి. కిందికి దిగి, నవ్వుతూ వెనక్కి తిరిగి, అప్పుడు చూసింది మౌజా.

జైబున్నీసా చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

ఆట మళ్లీ మొదలుపెట్టారు గాని మౌజా ఆడలేదు. అబాయా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. తల్లులు మంచివాళ్లు. "పనివాడే కదా, కావాలని రాలేదు కదా, ఎవరికీ చెప్పొద్దు," అనుకున్నారు. చెప్పలేదు కూడా. కువైట్ టీచరు పోతూ పోతూ మౌజా పేరు రాసుకుని పోయింది. నాలుగు రోజులు గడిచాయి. గండం తప్పినట్టే అనిపించింది.

ఐదో రోజు కుళాయి బాగుచెయ్యడానికి లచ్చన్న వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపింది జైబున్నీసా.

"లచ్చన్నా, ఆ పొద్దు చూసింది యాడన్నా చెప్పావా?"

"చెప్పిన గదా అక్కా. గసొంటిది కడుపుల దాసుకుంటె దాగుతదా? క్యాంపుల అందరు సుట్టు గూసుండి ఇన్నరు. మా ఫోర్మన్ గూడ ఇన్నడు." ఆమె మొహం చూసి అతను తడబడ్డాడు. "తప్పుగ ఒక్క మాట అనలే. పోచమ్మ తోడు. గా పిల్ల మొకం గూడ నాకు యాదికి లేదు. గాల్లకు లేశి, దిగుడు మర్శినట్టు గాల్లనే నిలవడ్డది. మౌజా, మౌజా అని అందరు ఒర్లిన్రు. గంతే చెప్పిన."

కొడదామని చెయ్యి లేచింది గాని, దేనికని కొడుతుంది? రెండేళ్లుగా అన్నాల దగ్గర తను మొగుడికి చెబుతున్నదీ ఆ మాటే. ఏదైనా నాసిరకం ఆట చూసి ఉంటే లచ్చన్న క్యాంపు చేరేలోగా మరిచిపోయేవాడు. ఇది మరవడానికి వీలైన ఆట కాదు. అందుకే ఫోర్మన్ వెళ్లి ముదీర్‌కి, అంటే కంపెనీ మేనేజరుకి, చెప్పాడు. ముదీర్ మౌజా తండ్రికి తెలిసినవాడు. పొగిడితే సంతోషిస్తాడనుకుని శుక్రవారం మగవాళ్లంతా కూడే మజ్లిస్‌లో పదిమంది ముందూ, "మీ అమ్మాయి గాలిలో నిలబడుతుందటగా," అన్నాడు.

శనివారం మౌజా తండ్రి కాలేజీకి వచ్చాడు. ఆఫీసుగదిలో సుహైర్ అబ్లాతో చాలాసేపు మాట్లాడాడు. జైబున్నీసా చాయ్ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని లోపలికి పోయేసరికి అబ్లా కళ్లు తుడుచుకుంటోంది.

"కేక వెయ్యాల్సింది నువ్వేనా?" అని అడిగాడు ఆయన.

"నేనే బాబా."

"ఎందుకు వెయ్యలేదు?"

వేశాను, వినపడలేదు అనొచ్చు. తప్పు లచ్చన్న మీదికి పోతుంది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చిందని ఆమే చెప్పేది. "చూస్తూ ఉండిపోయాను బాబా. ఆ పిల్ల ఆడుతుంటే నాకు ఇంకేమీ కనపడదు," అంది.

ఆయన ఆమె వైపు చూశాడు. "నేను ఎప్పుడూ చూడలేదు," అన్నాడు. "మిగతా ఆడపిల్లలు ఉంటారు కదా. నేను రాకూడదు. నా కూతురు నిజంగా అంత బాగా ఆడుతుందా?"

జైబున్నీసాకి ఆశ పుట్టింది. ఈయనకి తెలియదు, తెలిస్తే ఎందుకు ఆపుతాడు అనుకుంది. ఆమెకి వచ్చిన అరబ్బీ చాయ్‌కీ చీపురుకీ సరిపోతుంది గాని ఇంత సంగతికి చాలదు. అందుకని పళ్లెం బల్ల మీద పెట్టి, గ్లాసుల్ని ఆటగత్తెల్లాగా నిలబెట్టింది. చక్కెరగడ్డని బంతి చేసింది. ఇదిగో లతీఫా, ఇదిగో మీ అమ్మాయి. ఇటు చూస్తుంది, అటు పంపుతుంది. ఇది ఇంకా ఇక్కడికి రాలేదు, బంతి మాత్రం వచ్చేసింది. ఇదిగో, ఇప్పుడు వచ్చింది. ఆయన ముందుకు వంగి చూశాడు. ఒకచోట ఆయన మొహం వెలిగింది కూడా. ఆమె ఇంకా ఉత్సాహపడి రెండేళ్ల ఆటంతా ఆ పళ్లెంలో పరిచేసింది.

అంతా అయ్యాక ఆయన కూతురి గ్లాసుని వేలితో తాకాడు.

"పిల్లలు కాసేపు పరుగెత్తుతారు, అదే ఆట అనుకున్నాను ఇన్నాళ్లూ," అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పినట్టే అయితే, చూసినవాళ్లు ఎవరూ నోరు కట్టుకుని ఉండలేరు. కువైట్‌లోనూ ఉండలేరు. నా కూతురి పేరు ఇంకెన్ని నోళ్లలో పడుతుంది?"

అయ్యో, అంత బాగా ఏమీ ఆడదు బాబా, నేనే గొప్పలు చెప్పాను అందామనుకుంది. గొప్పలు చెప్పడం ఆమెకి కొత్త కాదు కూడా. కాని గ్లాసులు పళ్లెంలో ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి.

ఆయనని తిట్టుకోవడానికి కూడా ఆమెకి వీలు కాలేదు. ఆ కుర్చీలో తన సొంత నాన్న కూర్చుని ఉన్నా ఇదే మాట అనేవాడు, ఇంత మెల్లగా కూడా అనేవాడు కాదు. ఆయన లేస్తూ, "ఇంట్లో బుట్ట కట్టిస్తాను. ఎంతసేపైనా ఆడుకోమను," అన్నాడు. కూతురి మీద ప్రేమ లేక కాదు.

జైబున్నీసా ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో. అబ్లా ఆమెని ఒక్క మాటా అనలేదు, అదొక శిక్ష. కోర్టులో లతీఫా మళ్లీ బంతికి భయపడటం మొదలుపెట్టింది.

రెండు నెలల తర్వాత సుహైర్ అబ్లా ఒక బంతి ఇచ్చి, మౌజా ఇంటికి పంపింది. జైబున్నీసా శుక్రవారం పూట వెళ్లింది. పెద్ద వాకిలి, పాలరాయి పరిచారు. గోడకి కొత్త బుట్ట, తెల్లటి వల. పెళ్లి నిశ్చయమైందని మేనత్త చెప్పింది. అబ్బాయి రువైస్‌లో చమురు కంపెనీలో ఇంజనీరు, మంచివాడు, అక్కడే కాపురం.

"నిజంగా నన్ను చూస్తూనే మరిచిపోయావా ఆయా?" అని అడిగింది మౌజా.

"అవునమ్మా."

మౌజా నవ్వింది. నవ్వుతూనే మొహం అటు తిప్పుకుంది. కాసేపటికి బంతి తీసుకుని గోడకేసి కొట్టింది. గోడ తిరిగి ఇచ్చింది. మళ్లీ కొట్టింది. బుట్ట వైపు ఒక్కసారీ వెయ్యలేదు. ఆ పిల్ల ఆటంతా ఇంకొకళ్లకి బంతి అందించడంలోనే ఉంది. గోడకి అందించి ఏం చేస్తుంది? నిలబెట్టిన చోటి నుంచి కదలని దానికి, ఇంకో రెండడుగుల తర్వాత ఎక్కడుంటుందో చూడగల కళ్లతో ఏం పని?

జైబున్నీసా చూడలేకపోయింది. చెప్పులు విడిచింది, చీర కొంగు దోపింది. ముప్పై ఎనిమిదేళ్ల వయసు, అంతకు రెండింతల బరువు.

"నాకు వెయ్యి," అంది.

మౌజా తేరిపార చూసింది. "పరుగెత్తు ఆయా, బుట్ట వైపు," అని, బంతిని రెండుసార్లు నేలకి కొట్టింది. జైబున్నీసా పరుగెత్తింది. మౌజా ఆమె వైపు చూడకుండానే బంతి వదిలింది. అది జైబున్నీసా ఉండాల్సిన చోటికి, ఎంత ఎత్తులో చేతులుండాలో అంత ఎత్తులో, మెత్తగా వచ్చింది. జైబున్నీసా ఇంకా నాలుగడుగులు వెనకే ఉంది. బంతి ఆ ఖాళీలోంచి సాగిపోయి, గోడకి తగిలి, పాలరాయి మీద దొర్లుకుంటూ పోయింది.

"ఇంకోసారి," అంది జైబున్నీసా రొప్పుతూ.

మౌజా బంతి తెచ్చుకుంది. ఈసారి అడుగులు లెక్క చూసుకుని, ఎప్పుడూ ఎవరికీ వెయ్యనంత నెమ్మదిగా, సరిగ్గా ఆయా చేతుల్లోకే వేసింది.